పోర్ట్ ఐసోలేషన్ ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి

స్విచ్‌లో పోర్ట్ ఐసోలేషన్, అంటే ఒకే స్విచ్‌కి తగిలించిన మెషీన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడకుండా ఆపే సెట్టింగ్, ఆన్ చేయడం నిమిషం పని. ఆ తర్వాత ప్రింటర్ రావట్లేదని, కెమెరాలు పోయాయని ఫోన్లు మొదలైతే తేల్చడానికి పూట పడుతుంది. అందుకే ముందు కాగితం తీసుకుని ఏ పోర్ట్‌లో ఏముందో, అది దేనితో మాట్లాడాలో రాసుకోండి.

ఐసోలేట్ చేసిన రెండు పోర్టుల మధ్య నేరుగా ఏదీ వెళ్లదు, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపేది) కూడా. ఐసోలేట్ చేయని పోర్ట్‌తో మాత్రం మామూలుగానే మాట్లాడుకుంటాయి. కాబట్టి అందరికీ కావాల్సిన ప్రింటర్, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్), డీహెచ్‌సీపీ సర్వర్ (ఐపీ అడ్రస్‌లు ఇచ్చేది), అన్నిటికంటే ముఖ్యంగా రౌటర్‌కి వెళ్లే అప్‌లింక్ ఐసోలేషన్ బయటే ఉండాలి. అప్‌లింక్‌కి కూడా పొరపాటున టిక్ పెడితే ఐసోలేట్ చేసిన పోర్టుల్లో ఉన్న అందరికీ నెట్ పోతుంది, దూరం నుంచి లాగిన్ అయి చేస్తుంటే మీకూ దారి మూసుకుపోవచ్చు.

దూరం నుంచి చేయక తప్పకపోతే వెనక్కొచ్చే దారి ముందే పెట్టుకోండి. సిస్కో స్విచ్‌లో పాత కాన్ఫిగ్ (సెట్టింగులు) సేవ్ అయి ఉందని చూసుకుని 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి, సేవ్ చేయాలా అని మధ్యలో అడిగితే నో అనండి, ఆ తర్వాతే మార్పులు మొదలుపెట్టండి. ఏదైనా తేడా వస్తే 10 నిమిషాలకి స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది, అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్'. జునిపర్‌లో అయితే ఇలాంటి పనికే 'కమిట్ కన్ఫర్మ్‌డ్' ఉంది.

కంపెనీని బట్టి తీరు మారుతుంది, మాన్యువల్ చూడకుండా చేయొద్దు. సిస్కోలో ఐసోలేషన్ కమాండ్ 'స్విచ్‌పోర్ట్ ప్రొటెక్టెడ్' ఆ ఒక్క స్విచ్ వరకే పనిచేస్తుంది, పక్క స్విచ్‌లో ఉన్న ప్రొటెక్టెడ్ పోర్ట్‌ని ఆపదు, దానికి ప్రైవేట్ వీలాన్ (ఒకటికంటే ఎక్కువ స్విచ్‌ల మీద ఇలా విడదీసే పద్ధతి) కావాలి. హువావేలో ఒకే గ్రూప్‌లో ఉన్న పోర్టులే విడిపోతాయి, వేర్వేరు గ్రూపుల్లో పెడితే హాయిగా మాట్లాడుకుంటాయి. ఇక ఐసోలేట్ చేసిన పోర్ట్ కింద ఎవరైనా చిన్న అన్‌మేనేజ్డ్ (సెట్టింగులు మార్చలేని) స్విచ్ తగిలించి ఉంటే, దాని కిందున్నవాళ్లు ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు.

చాలామంది వదిలేసేది గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్క్‌కి దారిచ్చే రౌటర్, సంగతి. ఐసోలేషన్ ఆపేది లేయర్ 2 దారినే, అంటే మ్యాక్ (పరికరం సొంత హార్డ్‌వేర్ అడ్రస్) చూసి స్విచ్ నేరుగా పంపే దారిని. పక్క మెషీన్ ఐపీకి వెళ్లే ప్యాకెట్‌ని కావాలని గేట్‌వే మ్యాక్‌కి పంపితే, రౌటర్ దాన్ని తిప్పి పక్కవాడికే ఇచ్చేయవచ్చు. ఐపీకి మ్యాక్ ఏదో అడిగి తెలుసుకునే పద్ధతి ఏఆర్‌పీ; పక్క మెషీన్ బదులు రౌటరే తన మ్యాక్ చెప్పే లోకల్ ప్రాక్సీ ఏఆర్‌పీ రౌటర్‌లో ఆన్‌లో ఉంటే ఆ తెలివి కూడా అక్కర్లేదు. అందుకే అదే సబ్‌నెట్ (ఒకే ఐపీ శ్రేణి) నుంచి అదే సబ్‌నెట్‌కి వెళ్లేదాన్ని గేట్‌వేలో ఏసీఎల్ (ఏది వెళ్లొచ్చో, ఏది ఆగాలో చెప్పే రూల్స్)‌తో ఆపండి, కానీ గేట్‌వే సొంత ఐపీని, ఆ సబ్‌నెట్‌లోనే ఉన్న ప్రింటర్, సర్వర్ల ఐపీలని అనుమతించే లైన్లు దానికంటే పైన ఉండాలి.

చివరగా టెస్ట్. పింగ్ ఆగింది కదా అని నమ్మేయకండి, విండోస్ ఫైర్‌వాల్ మామూలుగానే పింగ్‌కి బదులివ్వకుండా ఆపేయవచ్చు, దాన్ని ఐసోలేషన్ గొప్పతనం అనుకుంటాం. ఏఆర్‌పీ టేబుల్ ఖాళీ చేసి, పక్క మెషీన్‌కి పింగ్ కొట్టి, 'ఏఆర్‌పీ -ఏ' చూడండి. పక్క మెషీన్ సొంత మ్యాక్ కనిపించిందంటే ఐసోలేషన్ పనిచేయట్లేదు. దాని ఐపీ ఎదురుగా గేట్‌వే మ్యాక్ వస్తే పైన చెప్పిన ప్రాక్సీ ఏఆర్‌పీ ఆన్‌లో ఉన్నట్టే. గేట్‌వే, నెట్, ప్రింట్ అన్నీ ఓకే అయ్యాకే కాన్ఫిగ్ సేవ్ చేయండి.