టారో, ఒరాకిల్ కార్డులు: కొనడం నుంచి చదవడం దాకా

పత్తాలాట తెలిసినవాళ్లకు టారో సగం తెలిసినట్టే. పేకముక్కల్లాగే ఇందులోనూ నాలుగు జాతులు (వాండ్స్ అనే కర్రలు, కప్పులు, కత్తులు, పెంటకిల్స్ అనే నాణేలు), ఎక్కా నుంచి పది వరకు అంకెలు ఉంటాయి. పేకలో జాతికి 13 ముక్కలైతే టారోలో 14, ఎందుకంటే పైన పేజ్, నైట్, క్వీన్, కింగ్ అని నలుగురు. అలా 56 మైనర్ కార్డులు. వీటికి తోడు 0 నుంచి 21 వరకు నంబర్లున్న 22 మేజర్ కార్డులు. మొత్తం 78. ఇవి పుట్టింది కూడా ఆటగానే, 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో. జోస్యానికి వాడటం 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఊపందుకుంది.

ఒరాకిల్ డెక్‌కు, అంటే ఒరాకిల్ కార్డుల కట్టకు, ఇలాంటి లెక్కేమీ ఉండదు. ఎన్ని కార్డులుండాలో, ఏ బొమ్మకు ఏ అర్థమో దాన్ని తయారుచేసినవాళ్ల ఇష్టం. అందుకే ఒక ఒరాకిల్ డెక్ నేర్చుకుంటే అదొక్కటే వస్తుంది. టారో ఒకసారి పట్టుబడితే వందల డెక్‌లు చదవొచ్చు.

జాతరలో చిలక జోస్యం చెప్పించుకుంటే చిలక కార్డు తీస్తుంది, పక్కనున్నాయన అర్థం చెప్తాడు, మనం విని లేస్తాం. ఇక్కడ కార్డు తీసేదీ చదివేదీ మీరే. మీ మనసులో నలుగుతున్న విషయాన్ని బొమ్మల రూపంలో ఎదురుగా పెట్టుకుని చూసుకోవడం ఇది. కింద చెప్పేదంతా ఆ పనికి పనికొచ్చేలా రాసిందే.

ఏ డెక్ కొనాలి

మొదటి డెక్ రైడర్-వెయిట్-స్మిత్ అయి ఉండాలి. 1909లో లండన్‌లో రైడర్ సంస్థ అచ్చేసింది. రూపకల్పన ఏ.ఇ. వెయిట్, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్. దీన్నే సిఫారసు చేయడానికి కారణం ఉంది. మార్సెయ్ లాంటి పాత డెక్‌లలో ఆరు కప్పుల కార్డు అంటే ఆరు కప్పులే కనిపిస్తాయి. పమేలా గీసిన ఆరు కప్పుల కార్డులో పాత ఇంటి ముంగిట్లో ఒక పిల్లవాడు పూలు నింపిన కప్పును ఇంకో చిన్న బిడ్డకు అందిస్తుంటాడు. అర్థం కంఠస్థం చేయకపోయినా బొమ్మే మాట్లాడుతుంది. ఇంకో సంగతి: ఈ డెక్‌లో స్ట్రెంగ్త్ 8, జస్టిస్ 11. మార్సెయ్‌లో అవి తారుమారుగా ఉంటాయి. పుస్తకం ఒక పద్ధతిది, డెక్ ఇంకో పద్ధతిది అయితే అక్కడే తికమక మొదలవుతుంది.

ఆన్‌లైన్‌లో నకిలీలు చాలా ఉన్నాయి. చేతిపుస్తకం లేకుండా క్యూఆర్ కోడ్ మాత్రమే ఇవ్వడం, బొమ్మ అంచుల్లో గీతలు మసకగా ఉండటం, చుట్టూ తెల్ల అంచు ఒకవైపు వెడల్పుగా ఇంకోవైపు సన్నగా ఉండటం, ఇవి గుర్తులు. డెక్ రాగానే నేల మీద జాతులవారీగా పేర్చి లెక్కపెట్టండి. ఒక కార్డు రెండుసార్లు వచ్చి ఇంకోటి లేకపోవడం నకిలీల్లో మామూలే. వాపసు గడువు దాటకముందే ఈ పని చేయాలి. కొన్ని పెట్టెల్లో ఒకటి రెండు కార్డులు అదనంగా వస్తాయి, వాటిని పారేయకండి.

అచ్చు వేయించుకునే దారి కూడా ఉంది. పమేలా 1951లో చనిపోయారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుల హక్కు వాళ్ల మరణం తర్వాత 60 ఏళ్లే, కాబట్టి 1909 నాటి బొమ్మలను ఇక్కడ ఎవరైనా అచ్చేసుకోవచ్చు. తర్వాత కొత్తగా రంగులద్దిన వెర్షన్లు మాత్రం తీసుకోకండి. నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో శుభలేఖలు, విజిటింగ్ కార్డులు వేసే డిజిటల్ ప్రెస్‌కు వెళ్లి ఇలా చెప్పండి: 300 జీఎస్‌ఎమ్ ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్, కార్డు సైజు 70 మి.మీ. బై 120 మి.మీ., మూలలు గుండ్రంగా. ఏ3 షీటుకు 12 కార్డులు పడతాయి, అంటే ఏడు షీట్లు. గ్లాసీ లామినేషన్ వద్దు. ట్యూబ్‌లైట్ వెలుగు కొట్టి బొమ్మ కనిపించదు, ఎండాకాలం చేతి చెమటకు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వెనకవైపు డిజైన్ తలకిందులు చేసినా ఒకేలా ఉండాలి, లేకపోతే కార్డు తీయకముందే తిరగబడి ఉందో లేదో తెలిసిపోతుంది.

మొదటి డెక్ ఎవరో ఒకరు కానుకగా ఇవ్వాలనే మాటకు ఆధారం లేదు. మీ పైసలతో మీరే కొనుక్కోండి.

కలపడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కొత్త డెక్ వరస క్రమంలో వస్తుంది: మేజర్ కార్డులన్నీ ఒకచోట, కప్పులన్నీ ఒకచోట. పేక కలిపినట్టు చేతిలో పట్టుకుని గుప్పెడు గుప్పెడు కిందికి జార్చుతూ పదిసార్లు కలిపినా పక్కపక్క కార్డులు చాలావరకు కలిసే ఉంటాయి. తర్వాత మూడు కార్డులు తీస్తే మూడూ కప్పులే రావొచ్చు. ఏదో సంకేతం వచ్చిందనుకుంటారు. సరిగ్గా కలవలేదంతే.

నేల మీద శుభ్రమైన దుప్పటి పరిచి 78 కార్డులనూ బోర్లా పోయండి. రెండు అరచేతులతో గుండ్రంగా, అటొకటి ఇటొకటి కదుపుతూ రెండు నిమిషాలు కలపండి. పోగుచేసి మూడు కుప్పలు చేసి, ఆ కుప్పల క్రమం మార్చి ఒకటిగా పేర్చండి. కొత్త డెక్‌కు ఇది మూడుసార్లు చేయాలి. ఆ తర్వాత రోజూ ఒక్కసారి చాలు. అంచులు వంచి టపటపలాడిస్తూ కలిపే పద్ధతి చూడటానికి బాగుంటుంది గానీ కొన్నాళ్లకే కార్డులు విల్లులా వంగిపోతాయి.

ఈ పద్ధతిలో కొన్ని కార్డులు తలకిందులవుతాయి. మొదటి రెండు మూడు నెలలు తలకిందుల అర్థాల జోలికి పోకండి, వచ్చినవాటిని నిలువుగా తిప్పి చదవండి. తర్వాత వాటిని కూడా చదవాలనుకుంటే కార్డు తెరిచే తీరు చూసుకోవాలి. పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తెరవాలి. క్యాలెండర్ కాగితంలా కిందినుంచి పైకి ఎత్తితే నిలువు కార్డు కాస్తా తలకిందులై కూర్చుంటుంది.

ప్రశ్న

అవునా కాదా అనే ప్రశ్నకు బొమ్మ జవాబు చెప్పలేదు. ఉద్యోగం వస్తదా, సంబంధం కుదురుతదా, కేసు గెలుస్తమా అని అడిగితే మీకు ఏ జవాబు కావాలో అదే కార్డులో కనిపిస్తుంది. "ఈ విషయంలో నేను చూడనిది ఏమిటి", "ఈ వారం నా చేతిలో ఉన్నది ఏమిటి" అని అడగండి. జబ్బు గురించి కార్డులు వేయొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎదురుగా లేని మనిషి మనసులో ఏముందో కూడా అడగొద్దు. ఒకే ప్రశ్నను అదే రోజు మళ్లీ మళ్లీ వేస్తే కార్డుల మీద మీకే నమ్మకం పోతుంది. పరిస్థితిలో ఏదైనా మారేదాకా ఆ ప్రశ్న పక్కన పెట్టండి.

కూర్చునే ముందు ఐదు నిమిషాలు మౌనంగా ఉండండి. దీపం పెట్టుకునే అలవాటుంటే పెట్టుకోండి, కార్డులకు మూరెడు దూరంలో. అమావాస్య, మంగళవారం లాంటి నిషేధాలేవీ ఈ కార్డులతో రాలేదు.

మూడు కార్డులు, దగ్గరగా

నల్గొండ వైపు బత్తాయి తోట ఉన్న ఇల్లు అనుకుందాం. కొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. తోట దిగుబడి తగ్గుతోంది. "తోట ఉంచాలా, వదిలేయాలా" అన్నది అతని మనసులో ఉన్న ప్రశ్న. దాన్ని "తోట గురించి తేల్చుకోవడానికి నేను ఏం చూడాలి" అని మార్చాడు. ఎడమ నుంచి కుడికి మూడు స్థానాలు: ఇప్పుడున్నది, అడ్డుపడుతున్నది, వేయాల్సిన అడుగు. వచ్చినవి ఏడు పెంటకిల్స్, రెండు కత్తులు, ఎనిమిది కప్పులు.

పుస్తకం తెరవకండి. ఒక్కో బొమ్మలో కనిపించేది పైకి చెప్పండి. మొదటి దాంట్లో రైతు పార మీద ఆనుకుని, నాణేలు కాసిన చెట్టును చూస్తూ నిలబడ్డాడు. కోయడం లేదు, నీళ్లు పెట్టడం లేదు. చూస్తున్నాడు. రెండో దాంట్లో కళ్లకు గుడ్డ కట్టుకున్న స్త్రీ, గుండెల మీద అడ్డంగా రెండు కత్తులు, వెనక సముద్రం. మూడో దాంట్లో ఎర్ర వస్త్రం వేసుకున్న మనిషి మనకు వీపు పెట్టి, చేతికర్రతో కొండల వైపు నడుస్తున్నాడు. ముందు కింద వరసలో ఐదు కప్పులు, పైన మూడు. పైవరసలో ఒక కప్పు పట్టేంత సందు ఖాళీగా ఉంది.

ఇప్పుడు స్థానంతో కలిపి చదవాలి. ఉన్నది: చేసిన కష్టానికి ఫలితం ఎంతో తూకం వేసుకునే సమయం. అడ్డు: ఆ తూకం వేయడానికి కళ్లు తెరవకపోవడం. ఆమె చేతులు ఎవరూ కట్టలేదు, కత్తులు దించితే గంత తానే విప్పుకోగలదు. అడుగు: వెళ్లిపోవడం అని తొందరపడి చదువుతారు. ఆ ఖాళీ సందు చూడండి. కప్పులు పగల్లేదు, ఒలకలేదు, ఒకటి తక్కువైంది. ఆ తక్కువైనది ఏమిటో పేరు పెట్టకుండా వెళ్లినా, ఉన్నా ఆ వెలితి తీరదు.

ఇంకా రెండు చూడాలి. మూడింటిలో మేజర్ కార్డు ఒక్కటీ లేదు, కాబట్టి ఇది విధి రాతలా తీసుకోవాల్సింది కాదు, రోజువారీ నిర్ణయాలతో తేలేది. నాణేలు, కత్తులు, కప్పులు వచ్చాయి, వాండ్స్ రాలేదు. డబ్బు లెక్క, ఆలోచన, మనసు ఉన్నాయి, చేయాలనే ఊపు లేదు. రాని జాతి కూడా ఒక మాట చెప్తుంది.

చదివింది చివరికి వారంలో చేయగలిగిన ఒక పనిగా మారాలి. ఇక్కడైతే బోరు, ఎరువు, కూలీ, అమ్మకం, మూడేళ్ల లెక్క కాగితం మీద పెట్టి ఆదివారం నాన్నతో కూర్చోవడం. తోట ఉంచాలో వద్దో తేల్చేది వాళ్లిద్దరే.

అర్థాలు గుర్తుపెట్టుకోవడం

78 అర్థాలు బట్టీ పట్టొద్దు. వాండ్స్ నిప్పు: ఉత్సాహం, పని. కప్పులు నీరు: ప్రేమ, బంధాలు. కత్తులు గాలి: ఆలోచన, మాట. పెంటకిల్స్ నేల: డబ్బు, ఒళ్లు, ఇల్లు. ఎక్కా మొదలు, రెండు ఎంపిక, మూడు పెరుగుదల, నాలుగు నిలకడ, ఐదు చిక్కు, ఆరు తేరుకోవడం, ఏడు పరీక్ష, ఎనిమిది కదలిక, తొమ్మిది నిండబోవడం, పది పూర్తి. ఈ రెండూ కలిపితే 40 కార్డులకు దారి దొరుకుతుంది. లెక్కకూ బొమ్మకూ పొసగనిచోట బొమ్మనే నమ్మండి.

డెత్ కార్డు రాగానే చెయ్యి వణకొద్దు. 13వ కార్డు అది. తెల్ల గుర్రం మీద కవచం తొడిగిన అస్థిపంజరం, కింద పడిన రాజు. దూరంగా రెండు స్తంభాల మధ్య సూర్యుడు కూడా ఉన్నాడు. ఒకటి ముగిసి ఇంకోటి మొదలయ్యే దశకు ఆ కార్డు. చావు సంగతి చెప్పదు.

ఒరాకిల్ కార్డును టారో మూడూ చదివాక ఒకటి తీసి కింద పెట్టండి, మొత్తానికి ఒక సలహా మాటలా ఉంటుంది. ముందే తీస్తే ఆ తియ్యటి వాక్యం టారో బొమ్మలను చూడనివ్వదు.

నోటుబుక్ తప్పనిసరి. తేదీ, ప్రశ్న మీ మాటల్లో యథాతథంగా, కార్డులు, మొదట కంట పడింది, అనుకున్న పని. రెండు వారాల తర్వాత ఏమైందో వేరే రంగు ఇంకుతో రాయండి. పాత రాతను దిద్దకండి. పొద్దుగాల ఒక్క కార్డు తీసి రెండు వాక్యాలు రాసినా ఆరు నెలల్లో డెక్ చేతికొస్తుంది.

ఇతరులకు చదివేటప్పుడు వాళ్లు అడిగితేనే చదవండి, విన్నది అక్కడే వదిలేయండి. చెడు కార్డు చూపించి దోషం ఉందని, పూజకు ఇన్ని వేలు అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. టారోలో దోష నివారణ అనేది లేదు.

దాచడం

పరచడానికి ముదురు రంగు, డిజైన్ లేని నేత గుడ్డ మంచిది. పోచంపల్లి ఇక్కత్ అందంగా ఉంటుంది గానీ ఆ అల్లిక మీద కార్డు బొమ్మ తేలదు, దాంతో మూట కట్టుకోండి. మూడు కార్డులకు దస్తీ చాలు, పది కార్డులు పరిచే కెల్టిక్ క్రాస్ అనే పద్ధతికి 60 సెం.మీ. చదరం కావాలి. పసుపు, కుంకుమ పెట్టాలనుకుంటే పెట్టె మీద పెట్టండి, కార్డు మీద పడితే మరక పోదు. వానాకాలం స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలితే లామినేషన్ లేచి అంచులు చుట్టుకుంటాయి. తడిగుడ్డ తగలనీయకుండా పొడి నూలు గుడ్డతో తుడవండి. ఒక కార్డు పోతే డెక్ పారేయాల్సిన పని లేదు. పెట్టెలో వచ్చిన అదనపు కార్డు మీద పర్మనెంట్ మార్కర్‌తో పోయిన కార్డు పేరు రాసి కలిపేయండి.