లైనక్స్ గేమింగ్ పీసీ, 4వ పాఠం: కార్డు ముందా, కెర్నల్ ముందా?

రెడీమేడ్ పీసీ కొనాలా, భాగాలు కొని మనమే బిగించుకోవాలా అన్నది ఈ పాఠంలో తేలుస్తానన్నాను. ముందు పోయినసారి చిక్కు విప్పాలి. మూడో పాఠం చూసి పీసీ బిగించిన చాలామంది ఒకే చోట ఆగిపోయారు. ఉబుంటు ఎక్కింది, డెస్క్‌టాప్ వచ్చింది. కానీ రిజల్యూషన్ మారదు, గేమ్‌లు కొని ఆడుకునే స్టీమ్ యాప్‌లో గేమ్ తెరవగానే మూసుకుపోతోంది. గ్రాఫిక్స్ కార్డు పాడైందని షాపుకి తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. కార్డుకి ఏమీ కాలేదు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు తెరిచి, గ్రాఫిక్స్ దగ్గర ఏముందో చూడండి. మీ కార్డు పేరు కాకుండా ‘ఎల్ఎల్‌విఎమ్‌పైప్’ అని ఉంటే, బొమ్మ గీసే పనంతా ప్రాసెసరే చేస్తోందని అర్థం. కార్డు ఊరికే కూర్చుంది.

ఎందుకంటే, లైనక్స్‌లో ఏఎండీ కార్డుకి డ్రైవర్‌ని వెతికి దించుకోనక్కర్లేదు. కొంత కెర్నల్‌లో (హార్డ్‌వేర్‌తో మాట్లాడే లైనక్స్ గుండెకాయ), కొంత మెసాలో (గేమ్‌లకి బొమ్మ గీసిపెట్టే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, వీటికి తోడు కార్డులోకి ఎక్కే ఫర్మ్‌వేర్ ఫైళ్లు. మూడూ డిస్ట్రోతోనే, అంటే ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకంతోనే, వస్తాయి. అందుకే కార్డు కంటే ముందే తయారైన డిస్ట్రో చాలాసార్లు ఆ కార్డుని గుర్తుపట్టదు. ఏఎండీ కార్డు ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ 2025 మార్చిలో వచ్చింది. ఉబుంటు 24.04 మొదట వచ్చింది 2024 ఏప్రిల్‌లో, కెర్నల్ 6.8తో. డెబియన్ 12 ఇంకా పాతది, 2023 జూన్, కెర్నల్ 6.1. ఫెడోరా 42 మాత్రం 2025 ఏప్రిల్‌లో కెర్నల్ 6.14తో వచ్చింది, కార్డు పెట్టగానే నడుస్తుంది.

‘ఎల్‌టీఎస్ కదా సార్, స్టేబుల్ కదా’ అనే మాట దయచేసి వదిలేయండి. ఎల్‌టీఎస్ అంటే చాలా ఏళ్లపాటు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్న హామీ. నిన్న మార్కెట్లోకి వచ్చిన కార్డు నడుస్తుందన్న హామీ కాదు. 2021లో వచ్చిన ఆర్ఎక్స్ 6600 అయితే అదే ఉబుంటులో ఏ టెన్షన్ లేకుండా నడుస్తుంది. చూడాల్సింది రెండు తేదీలు: కార్డు విడుదలైన తేదీ, మీరు ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌లో ఉన్న కెర్నల్ తేదీ.

పెన్‌డ్రైవ్ అని కావాలనే అంటున్నాను. 2025 ఆగస్టులో వచ్చిన ఉబుంటు 24.04.3లో కెర్నల్ 6.14 ఉంది. పేరు అదే 24.04, లోపల సరుకు వేరు. ఏడాది క్రితం స్నేహితుడు రాసిచ్చిన పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేయకండి. ఈరోజు దించుకున్న ఫైలుతోనే చేయండి.

ఎన్‌విడియా వాళ్లకి క్లుప్తంగా: ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కి ఓపెన్ కెర్నల్ మాడ్యూల్ ఉన్న డ్రైవరే పెట్టాలి, పాత రకం పనిచేయదు. సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్‌ని అడ్డుకునే భద్రత) ఆన్‌లో ఉంటే రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి కీ నమోదు చేయమనొచ్చు. దాన్ని దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు. నేనైతే ఏఎండీయే కొంటాను.

ఇక రెడీమేడ్ సంగతి. అమెరికాలో డెన్వర్‌కి చెందిన సిస్టమ్76 వాళ్ల థీలియో, జర్మనీలో టక్సీడో వాళ్ల పీసీలు, వాల్వ్ వాళ్ల స్టీమ్ డెక్... వీటికి ఎక్కువ డబ్బు పెడితే, అది స్క్రూలు బిగించినందుకు కాదు. ఏ కార్డుకి ఏ కెర్నల్ కావాలో, వైఫై చిప్ నడుస్తుందో లేదో, స్లీప్‌లోకి వెళ్లిన మెషీన్ మళ్లీ లేస్తుందో లేదో ముందే పరీక్షించినందుకు. మన షాపుల్లో ‘గేమింగ్ పీసీ’ అని అమ్మే రెడీమేడ్ సెట్లని చాలావరకు విండోస్‌లోనే పరీక్షిస్తారు. లైనక్స్ వరకు వస్తే అందులో మీకు ఆ పరీక్ష దొరకదు. పైగా పెద్ద బ్రాండ్ల డెస్క్‌టాప్‌లు కొన్నింటిలో పవర్ సప్లై, మదర్‌బోర్డ్ వాళ్ల సొంత కొలతల్లో ఉంటాయి. రెండేళ్లకి కార్డు మార్చాలంటే చిక్కు. అందుకే ఇక్కడ ఉన్నవాళ్లకి నా సలహా సొంతంగా బిగించుకోమనే. పరీక్ష మాత్రం మీరే చేయాలి.

4కే టీవీకి కలిపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 4కేలో ఎక్కువ ఫ్రేములకి హెచ్‌డీఎంఐ 2.1 కావాలి, ఏఎండీ ఓపెన్ డ్రైవర్‌లో దాన్ని పెట్టడానికి 2024లో ఆ ప్రమాణాన్ని చూసుకునే హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటర్ కొనండి. వాలరెంట్ గేమ్ ఆడేవాళ్లకి రెడీమేడ్, సొంతం రెండు దారులూ పనికిరావు. దాని యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్) లైనక్స్‌లో నడవదు.

అభ్యాసం: కార్డు, మదర్‌బోర్డ్, వైఫై చిప్ ఒక్కోటి ఎప్పుడు వచ్చిందో, ఏ కెర్నల్ నుంచి నడుస్తుందో కాగితం మీద రాయండి. ఫెడోరా లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) జేబులో వేసుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, మీ ఊళ్లో పీసీలు బిగించే షాపుకో వెళ్లండి. బిల్లు కట్టకముందే, బిగించిన మెషీన్‌ని దాంతో బూట్ చేయమనండి. గ్రాఫిక్స్ దగ్గర కార్డు పేరు, వైఫై, సౌండ్, స్లీప్ నాలుగూ చూడండి. షాపతను ఒప్పుకోకపోతే పక్క షాపుకి వెళ్లండి. ఏ భాగం ఆగిందో రాసి పెట్టుకోండి, ఐదో పాఠం విండోస్ గేమ్‌లని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్‌తో మొదలవుతుంది, అప్పుడు ఆ కాగితం కావాలి.