ట్యాంకు నిండా నీళ్లు, వంటింటి కుళాయి మాత్రం రాదు: నా అనుభవం

కోనసీమలో వేసవికి కాలవలు కట్టేశాక ట్యాంకు అడుగంటడం మామూలే. మళ్లీ నింపాక మిగతా కుళాయిలు వస్తాయి, వంటింటిది బుస్సుమని ఆగిపోతుంది. జాలీ కడగడం, వాల్వు మార్చడం, పైపు తట్టడం అన్నీ దండగే. అసలు కారణం, శ్లాబు మీద పైపు ఉబ్బెత్తుగా లేచిన చోట గాలి ఇరుక్కుంటుంది. ట్యాంకు ఎత్తు చాలక నీళ్లు దాన్ని నెట్టలేవు.

పనిచేసింది ఇదీ: మోటారు నీళ్లతో ఆ గాలిని వెనక్కి ట్యాంకులోకి నెట్టడం. ట్యాంకు గేటువాల్వు పూర్తిగా తెరవాలి (మూసి ఉంటే జాయింట్లు ఊడతాయి), మిగతా కుళాయిలు కట్టేయాలి. మోటారు పక్క కుళాయి నుంచి అరంగుళం గొట్టం తెచ్చి వంటింటి కుళాయికి క్లిప్పుతో బిగించాలి. ముందు వంటింటిది తిప్పి, తర్వాత మోటారు వేసి, మోటారు పక్క కుళాయి కొద్దికొద్దిగా వదలాలి. ట్యాంకులో బుడగల గుడగుడ ఆగాక ఇంకో నిమిషం ఉంచి మోటారు ఆపాలి. మోటారు ఉప్పునీటి బోరుదైతే ఆ ట్యాంకు నీళ్లు తాగొద్దు.

తుప్పో ఒండ్రో పట్టిన పైపుకి ఇది పనిచేయకపోవచ్చు. రెండ్రోజులకే మళ్లీ ఆగితే, వాల్వు దాటగానే ట్యాంకు కంటే ఎత్తుగా గాలిపైపు పెట్టించాల్సిందే.