చంద్రగిరి రాజమహల్‌కి వెళ్తే ముందు కప్పు చూడండి

తిరుపతిలో దర్శనం అయ్యాక ఒక పూట ఖాళీ దొరికితే చంద్రగిరి కోటకు వెళ్లండి. పది పన్నెండు కిలోమీటర్లే, బస్సులు, ఆటోలు ఉంటాయి. కోటలోని రాజమహల్‌నే పురావస్తు శాఖ మ్యూజియంగా నడుపుతోంది. శుక్రవారం మాత్రం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

చాలామంది లోపలికి వెళ్లగానే విగ్రహాల దగ్గర ఫోటోల కోసం ఆగిపోతారు. నా మాట విని ముందు భవనాన్ని చూడండి. ఇది విజయనగర రాజుల కాలంనాటి మూడంతస్తుల కట్టడం. కట్టడానికి కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే! దూలాలు లేకుండా అంత బరువు ఎలా నిలిచిందో తెలియాలంటే తల పైకెత్తి కమానులు, కప్పు వంపులు చూడాలి. బరువంతా ఆ వంపుల మీదుగా గోడల్లోకి, స్తంభాల్లోకి దిగుతుంది. తర్వాత బయటికొచ్చి కాస్త దూరం నుంచి చూడండి. కింద కమానులు సుల్తానుల కట్టడాల పద్ధతిలో, పైన శిఖరాలు మన గుడి గోపురాల తీరులో ఉంటాయి. రెండూ ఇంత చక్కగా కలిసిన భవనం మన జిల్లాలో ఇంకోటి నాకు కనిపించలేదు.

ఆ తర్వాత లోపలి రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు తీరిగ్గా చూడొచ్చు. పక్కనే రాణీమహల్ ఉంది, దాన్ని వదిలేయకండి. ఎండాకాలమైతే ఉదయం తెరవగానే వెళ్లడం మేలు. నీళ్ల బాటిల్, టోపీ తప్పనిసరి. పిల్లలుంటే రెండు గంటలైనా చేతిలో పెట్టుకోండి.