చవక గేర్ల సైకిలుకు మంచి ఫోర్కు వేసుకోవడం ఎలా

శ్రీకాకుళం నుంచి శాలిహుండం వైపు వెళ్తూ వంశధార పక్కన మట్టిదారి పట్టుకుంటే, ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకుని కుదుపు మింగే ఫోర్కు చవకదైతే దాని లోపమేమిటో కాసేపటికే మణికట్లకు తెలిసిపోతుంది. చక్రం గుంతలో పడగానే స్ప్రింగు నొక్కుకుంటుంది, అంతే విసురుగా హ్యాండిల్‌ను పైకి తన్నుతుంది. ఆ తన్నుడును అదుపు చేసేదే డాంపింగ్. మంచి ఫోర్కు కాలి లోపల నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ కదలికను నెమ్మది చేస్తుంది. బాగా చవక రకాల్లో స్ప్రింగు తప్ప ఈ ఏర్పాటు సాధారణంగా ఉండదు. అందుకే కొత్తది కొనేటప్పుడు కాలి అడుగున రీబౌండ్ మర (ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని సర్దేది) ఉందో లేదో చూడండి. పైన లాకౌట్ మీట (ఫోర్కు కదలకుండా ఆపేది) ఉన్నంత మాత్రాన డాంపింగ్ బాగున్నట్టు కాదు.

అసలు మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. పాత ఫోర్కు బిగుసుకుపోయి కిర్రుమంటున్నదంటే, విప్పి శుభ్రం చేసి గ్రీజు పెడితే కొంతకాలం నడుస్తుంది. తారు రోడ్డు మీద మాత్రమే తిరిగేవారికి అది చాలు. కొత్త ఫోర్కు ధర సైకిలు ధరలో సగం దాటితే నేనైతే కొనను, ఆ డబ్బుకు వెడల్పు టైర్లూ మంచి బ్రేకులూ వేసుకుంటాను.

నేను మొదటిసారి తెప్పించిన ఫోర్కు టేపర్డ్ రకం. ఫ్రేములోకి దూరే దాని గొట్టం పైన 28.6 మిల్లీమీటర్లు, అడుగున సుమారు 40. నా ఫ్రేముకు పైనుంచి కింది వరకు 28.6 ఉండే నిటారు గొట్టమే పడుతుంది. అమ్మినవారు వాపసు తీసుకోలేదు. ఆరు నెలలు అది అటక మీదే ఉంది. నేను బడిలో భౌతిక శాస్త్రం చెబుతాను, వెర్నియర్ కాలిపర్స్ రోజూ చేతిలోనే ఉంటుంది, అయినా కొలవలేదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర నాకు తెలిసిన మెకానిక్ అప్పుడన్న మాట ఇప్పుడు అందరికీ చెబుతాను: "ముందు కప్పులు చూడండి మాస్టారూ, ఫోర్కు తరువాత కొనవచ్చు."

కప్పులంటే ఫ్రేము ముందు గొట్టానికి పైనా కిందా ఉండే బాల్ రేసులు. హ్యాండిల్ కాడ (స్టెమ్) ఒకే బోల్టుతో గొట్టంలోకి దిగి, దాని కింద పెద్ద నట్లు కనిపిస్తే మీది మరల రకం. ఇప్పటి మంచి ఫోర్కులు దాదాపు అన్నీ మరలు లేనివే. అంటే కొత్త కప్పులు, కొత్త స్టెమ్ కూడా కొనాలి. ఆ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోండి.

తరువాత చక్రం. 26, 27.5, 29 అంగుళాల్లో మీదేదో టైరు మీదే రాసి ఉంటుంది. చవక సైకిళ్ల ముందు హబ్‌కు సాధారణంగా 9 మిల్లీమీటర్ల ఇరుసు ఉంటుంది, 15 మిల్లీమీటర్ల ఇరుసు ఫోర్కు కొంటే హబ్ కూడా మార్చాలి. మీవి రిమ్ బ్రేకులైతే మరింత జాగ్రత్త, చాలా కొత్త ఫోర్కులకు డిస్క్ బ్రేకు బిగించే చోటు మాత్రమే ఉంటుంది. ఇక కదలిక, అంటే ఫోర్కు ఎంత దూరం నొక్కుకుంటుందన్నది. పాతది 80 మిల్లీమీటర్లదైతే 100 వరకు వెళ్లవచ్చు. ముందు భాగం 20 మిల్లీమీటర్లు లేస్తే ఫ్రేము ముందు గొట్టం వాలు సుమారు ఒక డిగ్రీ మారుతుంది, అది అలవాటవుతుంది. 120 వేస్తే కొండ ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది, ఫ్రేము మీద ఒత్తిడీ పెరుగుతుంది. ఈ కొలతలన్నీ కుదిరితే రాక్‌షాక్స్ జూడీ, సన్‌టూర్ రైడాన్ లాంటి గాలి ఫోర్కులు (స్ప్రింగుకు బదులు గాలి ఉండేవి) చూడండి.

పాతది విప్పేటప్పుడు కింద గుడ్డ పరచండి, బాల్స్ రాలిపోతాయి. కొత్త కప్పులకు వచ్చిన కింది రేసును ఫోర్కు గొట్టానికి తొడిగి, కొంచెం వదులుగా పట్టే పీవీసీ పైపుతో నాలుగు వైపులా సమంగా తట్టి కూర్చోబెట్టండి. గొట్టం కోయడానికి తొందరపడకండి. స్టెమ్, స్పేసర్లు (ఎత్తు సర్దే ఉంగరాలు) పెట్టి చూసుకుని, స్టెమ్ పైన మరో సెంటీమీటరు మిగిలేలా కోసి, దాని మీద స్పేసర్ వేయండి. హ్యాండిల్ ఎత్తు నచ్చకపోతే తరువాత సర్దుకునే వీలుంటుంది. పై స్పేసర్ అంచుకన్నా గొట్టం 3 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. ఆకురాయితో అంచు నున్నగా చేసి, స్టార్ నట్టును (పై మూత బోల్టు బిగిసేది) గొట్టం లోపలికి ఒకటిన్నర సెంటీమీటర్ల లోతుకు వంకర పోకుండా దించండి.

పై మూత బోల్టు పని బేరింగులో వదులు తీయడం మాత్రమే. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కీ ఊపండి. టకటక శబ్దం ఆగిపోవాలి, అయినా హ్యాండిల్ తేలికగా తిరగాలి. అప్పుడే స్టెమ్ పక్క బోల్టులు ఒకదాని తరువాత ఒకటి, స్టెమ్ మీద రాసిన బిగింపు మేరకు బిగించండి. హ్యాండిల్‌ను పట్టి ఉంచేవి ఆ పక్క బోల్టులే.

గాలి ఫోర్కుకు టైరు పంపు పనికిరాదు, షాక్ పంపు కావాలి. కాలి మీద అంటించిన పట్టికలో మీ బరువు చూసి గాలి పెట్టండి. లోపలి కాలికి (కింది కాలిలోకి జారే గొట్టానికి) సన్నని ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి, దాన్ని కిందికి జరిపి, కుదుపు లేకుండా సైకిలు మీద కూర్చుని దిగండి. 100 మిల్లీమీటర్ల ఫోర్కులో ట్యాగ్ 20 నుంచి 25 మిల్లీమీటర్లు పైకి జరిగి ఉండాలి. తక్కువ జరిగితే గాలి తీయండి, ఎక్కువైతే కొట్టండి. తరువాత రీబౌండ్ మర సర్దండి. హ్యాండిల్‌ను గట్టిగా నొక్కి వదిలితే ఫోర్కు త్వరగా లేవాలి కానీ చక్రం నేల వదలకూడదు.

కళింగపట్నం తీరానికి వెళ్లి వచ్చిన రోజు మాత్రం బద్ధకించకండి. ఉప్పు గాలికి లోపలి కాళ్ల మీద మచ్చలు పడతాయి, ఆ గరుకు సీళ్లను (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాలను) కోస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక పొడిగుడ్డతో మరోసారి తుడవండి. ఆ కాళ్లకు చైను నూనె పూయకండి, ఇసుక అంటుకుంటుంది. సుమారు 50 గంటల ప్రయాణానికి ఒకసారి కింది కాళ్లు విప్పి నూనె మార్చాలి. ఆ తేదీలు నేను సీటు కింద సంచిలో ఉన్న చిన్న పుస్తకంలో రాసుకుంటాను.