ఆనమలై ఎగిరే కప్పను ఇబ్బంది పెట్టకుండా చూడటం ఎలా

తిరుపతి నుంచి తమిళనాడులోని ఆనమలై కొండల మీదున్న వాల్పరై వెళ్లేవాళ్లు టీ తోటల్లో నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తుంటారు. వానాకాలంలో వెళ్తే మాత్రం ఒక రాత్రి ఆనమలై ఎగిరే కప్ప కోసం ఉంచుకోండి. ఆకుపచ్చ ఒంటి మీద సన్నటి నల్ల గీతలు, కాలి వేళ్ల మధ్య నారింజ రంగు పొర, ఆ పొర చాపుకొని పై కొమ్మ నుంచి కింది కొమ్మకు గాల్లో జారుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని 2000లో కొత్త జాతిగా ప్రకటించారు. ఆనమలై, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు, అక్కడ పోతే ఇక పోయినట్టే.

ముందు మన ఊళ్లోనే చూపు అలవాటు చేసుకోండి. వానలు పడ్డాక పొలం దగ్గర నీళ్ల తొట్టి గోడకో, బావి మీదికి వంగిన కొమ్మకో తెల్లటి నురగ ముద్ద కనిపిస్తే అది మన మామూలు చెట్టుకప్ప గూడు. ఆడకప్ప వెనక కాళ్లతో గిలక్కొట్టి ఆ నురగ చేసి అందులో గుడ్లు పెడుతుంది, పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, కొన్ని రోజులకు పిల్లలు కింద నీళ్లలోకి జారిపడతాయి. కాబట్టి తొట్టి కడిగేటప్పుడు దాన్ని గీకేయకండి, ఆ నాలుగు రోజులూ తొట్టిలో నీళ్లు ఖాళీ చేయకండి. వాల్పరైలోనూ వెతకాల్సింది నీటి గుంటల పైన ఇలాంటి నురగే. దగ్గరగా చూద్దామని కొమ్మ లాగొద్దు, అది పక్కకు జరిగితే పిల్లలు పడేది నేల మీద.

కోయంబత్తూరు దాకా రైలు, పొల్లాచ్చి దాటాక 40 హెయిర్‌పిన్ మలుపుల ఘాట్. ఏనుగులు తిరిగే దారి, చీకటి పడేలోపే పైకి చేరండి. రాత్రి అనుమతి లేకుండా అడవిలోకి దిగకండి. బస చేసిన ఎస్టేట్ వాళ్లను అడిగి, దారి తెలిసిన మనిషితో తోట అంచున వాగు దాకా వెళ్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యం బూట్లు. కప్పలను చంపే ఒక ఫంగస్ తడి మట్టితో పాటు ఊళ్లు దాటుతుంది, దానివల్ల అమెరికా ఖండాల్లో, ఆస్ట్రేలియాలో కొన్ని జాతులే తుడిచిపెట్టుకుపోయాయి. ఇంట్లోనే సబ్బుతో, బ్రష్‌తో మట్టంతా వదిలించి ఎండలో బాగా ఆరబెట్టండి. కప్ప చర్మంతోనూ గాలి పీల్చుకుంటుంది, చేతికి దోమల క్రీమ్ ఉంటే అది దాని ఒంట్లోకే పోతుంది, అందుకే అసలు ముట్టుకోవద్దు. జలగలకని ఉప్పు చల్లే అలవాటుంటే మానుకోండి, ఉప్పు కప్పలకూ హానే. జలగ సాక్సులు వేసుకోండి.

టార్చ్‌కు ఎర్ర కాగితం చుట్టండి, ఫ్లాష్ ఆపేయండి. ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, లేదంటే వచ్చే వారం అదే కొమ్మ చుట్టూ జనం మూగుతారు.