సీట్లు 19, మనుషులు 16: బారియో వెళ్లే ట్విన్ ఆటర్‌కి బరువు లెక్క వేయడం ఎలా

మలేషియాలోని సరవాక్‌లో మిరి నుంచి బారియోకి ట్విన్ ఆటర్ అనే 19 సీట్ల చిన్న విమానం దాదాపు 50 నిమిషాల్లో చేరుతుంది. కెలబిట్ కొండల్లో, వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరది. 2006 ఆగస్టు 1న ఈ పల్లె రూట్లను మలేషియా ఎయిర్‌లైన్స్ నుంచి ఫ్లై ఏషియన్ ఎక్స్‌ప్రెస్ తీసుకుంది. 14 నెలలు తిరిగేసరికి, 2007 అక్టోబరు 1న, అవి మాస్‌వింగ్స్ చేతికి వచ్చాయి. సంస్థ ఏదైనా ఈ రూట్లలో డబ్బులు మిగలడం కష్టమే. ఉన్న సీట్లన్నీ అమ్ముకోలేకపోవడం అందుకు ఒక పెద్ద కారణం.

టేకాఫ్‌కి ఈ విమానం గరిష్ఠ బరువు 5,670 కిలోలు. సీట్లు, ఇద్దరు పైలట్లతో కలిపి ఖాళీ విమానం 3,600 కిలోలనుకుందాం (ఏ విమానానికి ఆ విమానం తూకం పత్రమే చూడాలి). ఇక మిగిలింది 2,070.

ముందు ఇంధనం తీసెయ్యండి. కొండ మీద దొరుకుతుందని నమ్ముకోకుండా రానుపోను ఇక్కడే నింపాలి. నిమిషానికి నాలుగున్నర కిలోల చొప్పున 100 నిమిషాలకు 450. అత్యవసరానికి అరగంట నిల్వ 135. నేల మీద నడకకి, మబ్బులు చుట్టి వెళ్లడానికి 115. మొత్తం 700. బారియోని మబ్బు కమ్మేసి దిగడం కుదరకపోయినా, మిరికి వెనక్కి రావడానికి ఇది చాలు. బరువు కలిసొస్తుందని ఈ 700లో ఒక్క కిలో కూడా కొయ్యకండి.

మనుషులకీ సామాన్లకీ ఇప్పుడు 1,370 కిలోలు మిగిలాయి. మనిషికి 75, బ్యాగుకి 10 వేసుకుంటే 16 మంది. 19 టికెట్లు అమ్మితే ముగ్గురిని కౌంటర్ దగ్గరే ఆపేయాలి. ఆసుపత్రికి బయల్దేరిన మనిషిని అలా ఆపడం ఎంత బాధో! అందుకే బుకింగ్‌లోనే 16 దగ్గర ఆపండి. కాటా మీద చోటు మిగిలితే అప్పుడు 17వ వారిని పిలవండి.

సగటు బరువు టికెట్లు అమ్మడం వరకే పనికొస్తుంది. లోడ్ షీట్‌లోకి (విమానంలో ఎక్కిన బరువు రాసే పత్రం) మాత్రం కాటా అంకే ఎక్కాలి. చేతిసంచి, ఒళ్లో పిల్లతో సహా మనిషిని కాటా ఎక్కించండి. తప్పులు ఎక్కువగా జరిగేది కిలోలు, పౌండ్లు కలిసిపోయినప్పుడు: 700 కిలోలు కావాల్సిన చోట 700 పౌండ్లు పోస్తే ట్యాంకులో ఉండేది 318 కిలోలే. ప్రతి అంకె పక్కనా కొలమానం రాయాలి.

మొత్తం బరువు సరిపోయినా పని అయిపోలేదు. సామాను ముక్కు అరలో కొంత, తోక అరలో కొంత సర్దాలి. దించడం తేలికని అంతా తోకలో కుక్కితే గురుత్వ కేంద్రం, అంటే విమానం బరువంతా సమంగా తూగే చోటు, వెనక్కి జరుగుతుంది. టేకాఫ్‌లో ముక్కు దానంతటదే పైకి లేస్తుంది, పైలట్ కిందికి నొక్కినా మాట వినకపోవచ్చు.

తిరుగు ప్రయాణంలో మోసపోయే చోటొకటుంది. రానుపోను ఇంధనంలో సగం, అంటే 225 కిలోలు, తగ్గింది కాబట్టి, కాగితం మీద ఇంకో ఇద్దరు ముగ్గురికి చోటు కనిపిస్తుంది. కానీ 27 డిగ్రీల ఎండలో బారియో గాలి దాదాపు 5,500 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచన. రన్‌వే మీద పరుగు పొడవవుతుంది, పైకి ఎక్కడం మందగిస్తుంది. ఆ ఉష్ణోగ్రతకి ఎంత బరువుతో లేవచ్చో విమానం పట్టికలో చూసి, ఆ అంకె, కాగితం మీద లెక్క రెండింటిలో తక్కువది తీసుకోండి. వీలైతే పొద్దున్నే బయల్దేరాలి. మధ్యాహ్నానికి కొండల మీద ఉరుముల మబ్బులు కూడా లేస్తాయి. బారియో బియ్యం బస్తాలు వస్తే, బస్తా మీద రాసిన బరువు వదిలేసి ఒక్కో బస్తానీ కాటా మీద పెట్టండి. తడిసిన గోనె కూడా బరువే.